నేను దిద్దిన థీమ్‌లు

మార్చి 4, సోమవారం

ముప్పై ఏళ్ళుగా నా మనసులో మాట వినేవాళ్ళు ఇద్దరే. పైన దేవుడు, ఇంట్లో ఆయన. దేవుడికి రాసి చూపించక్కర్లేదు, ఆయనకి చెప్తే నవ్వేస్తారు. కానీ ఈ సాయంత్రం ప్రార్థనకి కూర్చుంటే మాట గొంతు దాటి రాలేదు. నోటితో చెప్పలేనిది చేత్తో రాయగలనేమో చూద్దామని, అమ్మాయి చదువుకునే రోజుల్లో మిగిలిపోయిన రూళ్ళ పుస్తకం ఒకటి తీశాను.

ఆఫీసులో మేనేజరు గారు అందర్నీ పిలిచారు. మా బ్లాగుల సైటుకి బయటి డిజైనర్లు థీమ్‌లు చేసి పంపే ఏర్పాటు ఈ నెలాఖరుతో ఎత్తేద్దామని పైవాళ్ళ ఆలోచనట. (థీమ్ అంటే బ్లాగు తొడుక్కునే చొక్కా అని ఆయనకి ఎన్నిసార్లు చెప్పానో. ప్రతిసారీ కొత్తగా వింటారు.) మాకు పోటీగా ఉన్న అవతలి కంపెనీ దగ్గర వందలమంది డిజైనర్లున్నారు. రెండేళ్ళుగా రమ్మని పిలుస్తున్నాం, రావట్లేదు. వచ్చిన కొద్దిమందిలో చాలామంది రెండోసారి మొహం చూపించట్లేదు.

మేనేజరు గారు గోడ మీద అంకెలు చూపించారు. వచ్చిన థీమ్‌లలో నూటికి తొంభై ఎనిమిది మొదటిసారికే అంగీకరించామట. "మన గుమ్మంలో ఎవరూ తట్టుకుని పడట్లేదు. అంటే లోపం గుమ్మంలో లేదు. వాళ్ళకి మనం నచ్చలేదు, అంతే," అన్నారు. నెలాఖరులోగా అవతలివాళ్ళు ఇరవైమంది వస్తే సరే, లేకపోతే మూసేస్తామన్నారు.

మేస్త్రి తల వంచుకుని కూర్చున్నాడు. ఇంజనీరే గానీ, ఈ థీమ్‌ల విభాగం పునాది నుంచి కట్టింది అతనే కాబట్టి అందరూ మేస్త్రి అంటారు. పన్నెండేళ్ళ పని. మూసేస్తే అతన్ని వేరే చోటికి పంపుతారు, ఆ కట్టడాన్ని చెరిపేస్తారు.

నేనూ తల వంచుకున్నాను. ఆ తొంభై ఎనిమిది ఎలా వచ్చిందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

మార్చి 5, మంగళవారం

ఏమీ చెప్పలేదు.

మార్చి 6, బుధవారం

అది తప్పు కాదు, సాయం. ముందు ఈ మాట రాసి పెట్టుకుంటాను.

నేను ఈ కంపెనీలో ఫోన్లు తీయడానికి చేరాను. తరవాత ఉత్తరాలకి జవాబులు, ఆరేళ్ళ నుంచి థీమ్‌లు సరిచూసి అంగీకరించే పని. మేస్త్రి తన కట్టడంలో భాగాలకి ఇంటి పేర్లు పెట్టుకున్నాడు. మొదటి పేజీ గుమ్మం, వ్యాసం పేజీ గది, పక్కన పట్టీ వసారా, అడుగు భాగం పెరడు. ముచ్చటగానే ఉంటాయి. కానీ లోకమంతా హెడర్, సైడ్‌బార్, ఫుటర్ అంటుంది. అవతలి కంపెనీలో పనిచేసినవాళ్ళు ఆ పేర్లతోనే ఫైళ్ళు తెస్తారు. మా యంత్రం వాటిని చూసి "అంగీకరించబడలేదు" అంటుంది. ఎందుకో చెప్పదు. చాలామంది అక్కడే వెనక్కి తిరుగుతారు, వాళ్ళు లెక్కలోకే రారు; నా బల్లదాకా వచ్చినవే లెక్క. కొంతమంది మాత్రం నాకు ఉత్తరం రాస్తారు.

మొదటిసారి ఒకాయన రాశాడు, మూడు రోజులుగా కూర్చున్నాను, కళ్ళు పోతున్నాయి, ఏం తప్పు చేశానో చెప్పండి అని. చూస్తే ఫైలు పేరు ఒక్కటే తేడా. మార్చేసి, అంగీకరించేశాను. అతనికి చెప్పలేదు. చెప్తే చిన్నబుచ్చుకుంటాడని. ఆ సంతోషం చూశాక చెయ్యి ఆగలేదు. పేర్లు మార్చాను, ఫైళ్ళు సర్ది పెట్టాను, లేని వాటిని కల్పించాను. కుడిచేత్తో చేసింది ఎడమచేతికి తెలియకూడదంటారు కదా.

ప్రతి ఒక్కరి పేరూ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను, పక్కన ఏ రోజు ఏం దిద్దానో. పొద్దున ప్రార్థనలో ఒక్కొక్క పేరూ తలుచుకుంటాను. నూట అరవై రెండు పేర్లు. అన్నీ తలుచుకునేసరికి పొయ్యి మీద పాలు పొంగిపోతాయి. ఈ ఇంట్లో దేవుడికి భక్తురాలూ, పాలకి శత్రువూ నేనే అంటారు ఆయన.

సాయమే. తప్పు కాదు.

మార్చి 7, గురువారం

ఎవరికి తెలిసిన డిజైనర్లని వాళ్ళు పిలుచుకు రమ్మన్నారు మేనేజరు గారు. గదిలో అందరూ నా వైపు చూశారు. నాకు తెలిసిన డిజైనరు ఎవరో అందరికీ తెలుసు. మా వియ్యపురాలు.

మార్చి 9, శనివారం

వియ్యపురాలి ఇంటికి వెళ్ళాను. అల్లుడు పనికి వెళ్ళాడు, అమ్మాయి తలుపు తీసి, ఎందుకొచ్చానో నా మొహంలో చదివేసి, మెల్లగా లోపలి గదిలోకి తప్పుకుంది. తల్లికీ అత్తగారికీ మధ్య ఎక్కడ నిలబడకూడదో దానికి బాగా తెలుసు.

ఆవిడ ముప్పై ఏళ్ళు దుకాణాలకి బోర్డులు రాసింది. నిచ్చెన ఎక్కి, వీధి మధ్యలో, అందరూ చూస్తుండగా. బోర్డులు యంత్రాలు అచ్చువేయడం మొదలయ్యాక, యాభై దాటిన వయసులో కంప్యూటరు నేర్చుకుని థీమ్‌లలోకి దిగింది. అవతలి కంపెనీలో ఆవిడ థీమ్ అంటే పేరు. ఇప్పటికీ తెర పక్కన డబ్బాలో కుంచెలు నిలబెట్టే ఉంటాయి. రంగు కుదరకపోతే ముందు కాగితం మీద కలిపి చూసుకుంటుందట.

"వదినగారు ఇంత దూరం వచ్చారంటే కూతురి మీద బెంగ కాదు, ఏదో పని పడింది," అంది కూర్చోకముందే.

విషయం చెప్పాను. రెండుసార్లు చెప్పాను, మొదటిసారి వినపడలేదంది. మీ ఇంట్లో గోడలకి చెవులున్నా ఉపయోగం లేదు వదినగారూ, మీ గొంతు గోడదాకా వెళ్ళదు అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

ఒక్కటంటే ఒక్కటి పంపుతానంది. "నచ్చకపోతే మాత్రం మీ కంపెనీ పేరు మన రెండిళ్ళలో మళ్ళీ ఎత్తకూడదు."

వచ్చేటప్పుడు బస్సులో నిలబడాల్సి వచ్చినా కాళ్ళు నొప్పి తెలియలేదు.

మార్చి 12, మంగళవారం

వదినగారి థీమ్ వచ్చింది. చూడగానే కళ్ళకి చల్లగా ఉంది. బూడిద రంగు, అంచున సన్నటి పసుపు గీత, అక్షరాలకి ఊపిరాడేంత చోటు.

సైడ్‌బార్ లేదు. అదే, వసారా. ఫైలే లేదు. పాపం, హడావిడిలో మర్చిపోయినట్టుంది. యంత్రానికి అది లేకపోతే కుదరదు. ఆవిడకి "అంగీకరించబడలేదు" అని వెళ్తే ఇంకేమైనా ఉందా. యంత్రం జవాబు వెళ్ళకుండా ఆపి, అర్ధగంట కూర్చుని ఆవిడ రంగులతోనే ఒకటి చేసి పెట్టాను. పసుపు గీత కూడా కలిపాను. నోటుపుస్తకంలో నూట అరవై మూడో పేరు రాశాను. అంగీకరించాను.

చాలా సంతోషంగా ఉంది. ఇరవైలో మొదటిది.

మార్చి 13, బుధవారం

వదినగారి దగ్గర్నుంచి కబురు లేదు. పనుల్లో ఉండి ఉంటుంది.

మార్చి 14, గురువారం

భోజనాల వేళ ఫోను చేసింది. కుశలం అడగలేదు.

"సైడ్‌బార్ నేను పెట్టలేదు వదినగారూ. కావాలనే పెట్టలేదు. కొత్తచోట మొదటి పని ఎప్పుడూ ఒకటి తక్కువ పెట్టే పంపుతాను. ఏం తక్కువైందో వాళ్ళు ఎలా చెప్తారో చూస్తే, వాళ్ళు ఎలాంటివాళ్ళో తెలిసిపోతుంది. మీవాళ్ళు ఏం చెప్పలేదు సరికదా, నేను గీయని గీత ఒకటి నా థీమ్‌లో తేలింది."

నేను మెల్లగా, సాయం చేద్దామని, అన్నాను.

"నేను బోర్డు రాసి దిగాక దాని మీద ఇంకో కుంచె పడితే, మొత్తం చెరిపేసి మళ్ళీ రాసేదాన్ని. మీరు బాగా గీశారు, అది కాదు నా బాధ. రేపు నేను ఒక రంగు మార్చి మళ్ళీ పంపాలంటే నా దగ్గరున్నది పాతదే కదా. మళ్ళీ ఆగిపోతుంది. మీ దగ్గరికి ఎవరూ రెండోసారి ఎందుకు రావట్లేదో ఇప్పుడు తెలిసిందా?"

ఫోను పెట్టేసింది. అన్నం కలుపుకున్నాను గానీ తినలేదు.

మార్చి 15, శుక్రవారం

ఆవిడకి కోపమెక్కువ. నిచ్చెనల మీద బతికినవాళ్ళకి అలాగే ఉంటుంది.

మార్చి 16, శనివారం

అది సాయమే.

మార్చి 17, ఆదివారం

పొద్దున నోటుపుస్తకం తెరిచి పేర్లు తలుచుకుంటున్నాను. ఒక పేరు పక్కన నాలుగు తారీఖులున్నాయి. అదే మనిషి, నాలుగుసార్లు వచ్చాడు, నాలుగుసార్లూ అదే తప్పు, నాలుగుసార్లూ నేనే దిద్దాను. అయిదోసారి రాలేదు. ఇన్నాళ్ళూ ఆ పేరు దగ్గర ఇతను బాగుండాలి అనుకుని పేజీ తిప్పేదాన్ని. అతనికి ఒక్క ముక్క చెప్పి ఉంటే ఒక్కసారితో పోయేది.

ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతారు. కాఫీ ఇస్తూ ఊరికే అడిగినట్టు అడిగాను, తప్పు కనపడితే ప్రతిసారీ మార్జిన్లో గుర్తు పెడతారా అని. "పెట్టకపోతే కంపోజిటరుకి తెలిసేదెలా? రేపు మళ్ళీ అదే తప్పు కూరుస్తాడు, నేను మళ్ళీ అదే దిద్దుతాను. ఇద్దరం ముసలివాళ్ళం అయిపోతాం," అన్నారు. తరవాత నా మొహం చూసి నవ్వడం ఆపేశారు. అప్పుడు అంతా చెప్పాను. ఆశ్చర్యం, మధ్యలో ఒక్కసారి కూడా నవ్వలేదు.

ఆరేళ్ళుగా రాస్తున్నది ఏమిటో ఇప్పుడు చూస్తే, అది దాచినదాని జాబితా. ఎవరికీ తెలియకుండా చేశాననుకున్నాను. నాకు తెలుసు కదా. నాలో నేను ఎంత మురిసిపోయేదాన్నో ఆయనకి చెప్పలేదు, దేవుడికి చెప్పాను. పాలు ఈసారి కూడా పొంగాయి.

రేపు చెప్తాను. వాళ్ళ ఫైళ్ళు అడక్కుండా ముట్టుకున్నాను కాబట్టి ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే తలుపు మూతపడుతుంది, మేస్త్రి పన్నెండేళ్ళ పని నా మంచితనం కింద పడి పోతుంది.

మార్చి 18, సోమవారం

చెప్పాను.

గదిలో పదకొండుమంది ఉన్నారు. నేను లేచి నిలబడి మొదలుపెడితే మేనేజరు గారు మూడుసార్లు "కాస్త గట్టిగా అమ్మా" అన్నారు. గట్టిగా అన్నకొద్దీ నా గొంతు ఇంకా లోపలికి పోయింది. అప్పుడు మేస్త్రి లేచి వెళ్ళి ఏసీ ఆపాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఆ నిశ్శబ్దంలో నా గొంతు సరిపోయింది.

తొంభై ఎనిమిది నావల్ల వచ్చిందని చెప్పాను. నోటుపుస్తకం బల్ల మీద పెట్టాను. మేనేజరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. మనం ఆరేళ్ళుగా తప్పుడు లెక్క చూసుకుని మురిసిపోయామన్నమాట అన్నారు, ఎవరితోనో కాదు, గోడతో.

మేస్త్రి నోటుపుస్తకం తీసుకుని చదవడం మొదలుపెట్టాడు. పైకే చదివాడు. వసారా, వసారా, పెరడు, వసారా, గుమ్మం, వసారా. రెండో పేజీకి చెవులు ఎర్రబడ్డాయి. తను పెట్టిన పేర్లు కదా. నాకు ప్రాణం చివుక్కుమంది. మూడో పేజీలో "వసారా, వసారా, వసారా (పాపం)" అని చదివి ఆగిపోయాడు.

"అక్కా, ఈ బ్రాకెట్లో పాపం ఎవరు?"

"అప్పుడు ఆ పిల్లకి జ్వరం బాబూ," అన్నాను.

అంతే, మేస్త్రికి నవ్వు మొదలైంది. బల్ల మీద తల పెట్టి నవ్వాడు. అది చూసి గదంతా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, మేనేజరు గారితో అన్నాడు: "సార్, జనం ఎక్కడ పడుతున్నారో చెప్పమని పన్నెండేళ్ళుగా అడుగుతున్నాను. తారీఖులతో సహా రాసి పెట్టిన మనిషి నా పక్క బల్ల దగ్గరే ఉంది."

శిక్ష కూడా చెప్పారు. నాకు హెచ్చరిక ఉత్తరం ఇస్తారు. ఫైళ్ళు దిద్దగలిగే అనుమతి రేపు తీసేస్తారు. నూట అరవై మూడు మందికీ నేనే రాయాలి, వాళ్ళవాటిలో ఏం మార్చానో, క్షమించమని.

ఉద్యోగం ఉంది. ఇంటికి వచ్చి ఆయనకి చెప్తూ ఏడ్చాను, ఆయన నా చేతిలో గరిటె తీసుకుని వంట పూర్తిచేశారు. ఉప్పెక్కువైంది. ఇద్దరం తిన్నాం.

మార్చి 19, మంగళవారం

పదకొండు గంటలకి నా దిద్దే అనుమతి తీసేశారు.

మార్చి 21, గురువారం

మేస్త్రి రెండు రోజుల్లో సగం పని చేసేశాడు. ఇకమీదట సైడ్‌బార్ అని వచ్చినా యంత్రం తీసుకుంటుంది, వసారా అని వచ్చినా తీసుకుంటుంది. "పుట్టింటి పేరు పెట్టి పిలిచినా పలుకుతుంది అక్కా," అన్నాడు. తన పేర్లు పోలేదు, పక్కన ఇంకో పేరు చేరింది. మనిషి మొహం వెలిగిపోతోంది.

ఇంకో సంగతి. "అంగీకరించబడలేదు" తీసేసి, ఎక్కడ ఏం తక్కువైందో చెప్పే మాటలు పెట్టాలి. ఎవరు రాయాలి అని చర్చ వచ్చింది. ఇంజనీర్లు రాసిన నమూనా ఒకటి చదివారు, పోలీసు నోటీసులా ఉంది. మేస్త్రి నా బల్ల మీద కాగితం పెట్టి, "వాళ్ళకి నువ్వు ఉత్తరం రాసి ఉంటే ఏమని రాసేదానివో అదే రాయి," అన్నాడు.

రాశాను. "మిగతా అంతా బాగుంది. సైడ్‌బార్ ఫైలు ఒక్కటి కనపడలేదు. పెట్టడం మర్చిపోయారేమో చూడండి. అక్కర్లేదనుకుంటే ఆ సంగతి మాకు చెప్పండి చాలు." నలభై రెండు తప్పులకి నలభై రెండు మాటలు. స్కూలు ఫైనలు దాటని నా మాటలు. మేనేజరు గారు ఒక్క అక్షరం మార్చలేదు.

మార్చి 22, శుక్రవారం

క్షమాపణ ఉత్తరాలు అన్నీ వెళ్ళాయి. రోజుకి నలభై చొప్పున రాశాను. వేళ్ళు వాచాయి.

మార్చి 23, శనివారం

ఒకాయన చాలా కోపంగా రాశాడు. నా పనిని ముట్టుకునే హక్కు మీకు ఎవరిచ్చారు అని. నిజమే. నిజమేనని జవాబు రాశాను.

ఇంకొకామె, ఆ జ్వరం వచ్చిన పిల్ల, ఇన్నేళ్ళూ నేను చాలా తెలివైనదాన్ననుకున్నానండీ, మీరా, అని రాసింది. చివర నవ్వుతున్న బొమ్మ. మళ్ళీ పంపుతాను, ఈసారి చెయ్యి పెట్టకండి అంది.

మార్చి 25, సోమవారం

లెక్క మళ్ళీ మొదలైంది, ఇరవైలో ఏడు థీమ్‌లు. ఎవరి చెయ్యీ పడకుండా, వాళ్ళంతట వాళ్ళు.

అన్నీ అవతలివాళ్ళవే. నాలుగుసార్లు వచ్చి మానేసిన ఆ మనిషి కూడా. అతని థీమ్ రెండుసార్లు ఆగింది, మూడోసారికి వెళ్ళింది. ఆగిన రెండుసార్లూ నేను నా తెర మీద చూస్తూనే ఉన్నాను. ఒక్క అక్షరం తేడా. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు ముడేసుకుని కూర్చున్నాను. పక్కబల్ల అమ్మాయి, ఏంటక్కా విమానం ఎక్కినట్టు కూర్చున్నావు అంది.

మార్చి 27, బుధవారం

పద్నాలుగు. తన స్నేహితులకి చెప్పానని ఆ కోపిష్ఠాయన రాశాడు. థీమ్ కూడా పంపాడు. ఉత్తరంలో మాత్రం ఇంకా కోపంగానే ఉన్నాడు.

వదినగారి నుంచి ఏమీ లేదు. అమ్మాయి ఫోను చేస్తే అడగలేదు. అది కూడా చెప్పలేదు.

మార్చి 28, గురువారం

సాయంత్రం నాలుగు గంటలకి ఇరవై. ఎవరో ముక్కూ మొహం తెలియని అబ్బాయి, నోటుపుస్తకంలో పేరు కూడా లేనివాడు. మొదటిసారికే. తలుపు తెరిచి ఉంచుతామని మేనేజరు గారు నిలబడి చెప్పారు. మేస్త్రి వెళ్ళి మళ్ళీ ఏసీ ఆపాడు. ఎందుకయ్యా అంటే, అక్క ఏమైనా అంటుందేమో అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మార్చి 29, శుక్రవారం

ఇవాళ పదిన్నరకి వదినగారి థీమ్ వచ్చింది. కొత్తది. మొత్తం చెరిపేసి మళ్ళీ రాసింది.

మొదటిసారి ఆగింది. ఫుటర్‌లో బ్రాకెట్టు లాంటి గుర్తు ఒకటి తెరిచి మూయలేదు. నేను రాసిన మాటే ఆవిడకి వెళ్ళింది: "దాదాపు అయిపోయింది. అడుగు భాగంలో పదిహేడో వరసలో తెరిచిన గుర్తు మూయలేదు. అదొక్కటి చూడండి." పావుగంట. రెండోసారి వచ్చింది. ఇంకోచోట ఆగింది. నేను మంచినీళ్ళు తాగడానికి లేచాను, తాగకుండానే వచ్చి కూర్చున్నాను. అమ్మాయి తర్వాత చెప్పింది, అక్కడ ఆవిడ తెర ముందు కూర్చుని, "ఇది వదినగారి గొంతే, ఇలా మెల్లగా ఇంకెవరంటారు," అందట.

మూడోసారికి వెళ్ళింది. దాని కింద వివరణ అని రాసే చోట ఆవిడ ఒకే వాక్యం రాసింది: "ఇది మొదటి గీత నుంచి చివరి గీత దాకా నా పని."

కాసేపటికి ఫోను. నేను లెక్క కోసం రాలేదు, లెక్క నిన్నే అయిపోయిందని తెలుసు, అంది. తెలుసు వదినగారూ అన్నాను. "ఇంకో ఆరుగురు ఉన్నారు మా వైపు. ఆదివారం మా ఇంటికి రండి, వాళ్ళని పిలుస్తాను. మీరే చెప్పండి. వాళ్ళని ముందు వరసలో కూర్చోబెడతాను, వినపడుతుంది."

మార్చి 30, శనివారం

పొద్దున ప్రార్థనలో నోటుపుస్తకం తెరవలేదు. అది మేస్త్రి దగ్గరే ఉంది. అందరూ బాగుండాలి అని ఒక్క మాట అనుకుని లేచాను. పాలు పొంగకుండా దింపడం చూసి ఆయన కంగారుపడి, ఒంట్లో బాగుందా అని అడిగారు.

ఒకటి మిగిలింది. ఎక్కడా చెప్పలేదు, మేనేజరు గారికీ, మేస్త్రికీ, ఆయనకీ. పంతొమ్మిదో తేదీ పదకొండింటికి అనుమతి తీసేశారని రాశాను. పదింటికి ఒకటి దిద్దాను. కొత్తగా వచ్చిన ఒకావిడది, ఒక్క పేరు, అర నిమిషం పని. అన్నీ ఒప్పుకున్న మర్నాడే. ఆవిడకి ఇవాళ ఉత్తరం రాశాను. నూట అరవై నాలుగు. అయినా ఆ అర నిమిషం నాకు ఎంత బాగుందో ఆ ఉత్తరంలో రాయలేదు, ఇక్కడ రాస్తున్నాను.

నా తరవాత ఈ రూళ్ళ పుస్తకం ఎవరి చేతికి వస్తుందో తెలియదు. అమ్మాయికే రావచ్చు. చింపకు, తల్లీ, పారేయకు. బట్టల అడుగున ఉండనీ. ఎవరికీ చూపించకు, మీ అత్తగారికి అసలే చూపించకు. ఇందులో చేతిరాత బాగాలేదు, తప్పులున్నాయి. వాటిని అలాగే ఉండనీ.